ఒకే మద్యం, వేర్వేరు కాలేయాలు: చిట్టెలుకల వంశాల్లో ఆల్కహాల్ కొవ్వులను ఎలా మారుస్తుందో కొలిచే పద్ధతి

ఇరవై ఏళ్లుగా రోజూ తాగుతున్న ఇద్దరిలో ఒకరి కాలేయం గట్టిపడిపోతుంది, రెండో మనిషి మాత్రం పొలం పనులకు మామూలుగానే వెళ్లివస్తుంటాడు. ఇలాంటి జంట ప్రతి ఊళ్లోనూ కనిపిస్తుంది. దీన్ని అదృష్టం ఖాతాలో వేయడం మనకు అలవాటు. జన్యుశాస్త్రం మరో మాట చెబుతోంది. 2008లో పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులోని ఒక మార్పుకూ కాలేయంలో చేరే కొవ్వుకూ సంబంధం ఉందని తేలింది. రెండేళ్లకు ఆ మార్పే మద్యం వల్ల వచ్చే కాలేయ జబ్బులోనూ కనిపించింది. 2015లో టీఎం6ఎస్‌ఎఫ్2, ఎంబోట్7 అనే మరో రెండు జన్యువులు ఈ జాబితాలోకి వచ్చాయి. మూడూ కొవ్వును దాచడానికో, మోయడానికో, మలచడానికో సంబంధించినవే. మద్యం కథలో కొవ్వుది పక్కపాత్ర కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మనుషుల్లో దీన్ని విడదీసి చూడడం కష్టం. ఎంత తాగారని అడిగితే సగం చెబుతారు, ఏం తిన్నారని అడిగితే అదీ చెప్పరు. అందుకే చిట్టెలుక కావాలి. ఈ పని కొత్తగా మొదలుపెట్టే పరిశోధక విద్యార్థి కోసం, అలాంటి పత్రాలను అనుమానంగా చదవాలనుకునే పాఠకుడి కోసం ఇది రాస్తున్నాను. ముందే ఒక మాట: ఈ రంగంలో ‘జన్యు తేడా’గా చెలామణీ అయ్యేది తీరా చూస్తే ‘తాగిన మోతాదు తేడా’ కావచ్చు. కింద చెప్పిన అడుగుల్లో సగం ఆ పొరపాటు జరగకుండా చూసుకోవడానికే.

మొదటి అడుగు: ఏ వంశాలు, ఎందుకు

తోబుట్టువులనే జతకడుతూ వరుసగా 20 తరాలు పెంచితే వచ్చేది అంతఃప్రజనన వంశం. ప్రయోగశాలల్లో దీన్ని స్ట్రెయిన్ అంటారు. ఒక స్ట్రెయిన్‌లోని చిట్టెలుకలన్నీ దాదాపు కవలల లాంటివి. 1959లో మెక్‌లెర్న్, రోడ్జర్స్ ఇలాంటి వంశాల ముందు నీళ్లూ మద్యం కలిపిన నీళ్లూ రెండూ పెట్టి చూశారు. సీ57 వంశానివి మద్యం వైపు మొగ్గాయి, డీబీఏ వంశానివి దాన్ని దాదాపు ముట్టుకోలేదు. ఈ తేడా నేటికీ అలాగే ఉంది. సీ57బీఎల్/6జే (ఇకపై బీ6) ముందు 10 శాతం ఇథనాల్ సీసా పెడితే కిలో శరీర బరువుకు రోజుకు 10 గ్రాములకు పైగా తాగేస్తుంది.

మీ ప్రశ్నను బట్టి జంతువులను ఎంచుకోవాలి. ‘వంశాన్ని బట్టి స్పందన మారుతుందా?’ అన్నంతవరకే మీ ప్రశ్న అయితే ఆరేడు వంశాలు చాలు. వైవిధ్యం బాగా కావాలంటే కొలాబరేటివ్ క్రాస్‌కు (ఎనిమిది వంశాలను కలగలిపి, మళ్లీ అంతఃప్రజననంతో స్థిరపరచిన కొత్త వంశాల సముదాయం) మూలమైన ఎనిమిది వంశాలను తీసుకోండి: ఏ/జే, బీ6, 129ఎస్1, ఎన్‌ఓడీ, ఎన్‌జడ్‌ఓ, క్యాస్ట్, పీడబ్ల్యూకే, డబ్ల్యూఎస్‌బీ. చివరి మూడూ అడవి చిట్టెలుకల నుంచి వచ్చినవి. క్యాస్ట్ పంజరం మూత తీస్తే చిటికెలో గెంతి బయటపడుతుంది. ముందే తెలుసుకోకపోతే మొదటి రోజంతా దాన్ని పట్టుకోవడానికే సరిపోతుంది.

‘ఏ జన్యువు?’ అనేది మీ ప్రశ్న అయితే ఎనిమిది చాలవు. బీ6నూ డీబీఏ/2జేనూ కలిపి పుట్టించిన బీఎక్స్‌డీ వంశాలు దాదాపు 150 ఉన్నాయి. ఎనిమిది మూలవంశాల జన్యువులనూ కలగలిపిన డైవర్సిటీ అవుట్‌బ్రెడ్ చిట్టెలుకలు కూడా దొరుకుతాయి. చాలామంది తడబడేది ఇక్కడే. డైవర్సిటీ అవుట్‌బ్రెడ్‌లో ప్రతి జంతువూ ఒక్కటే, దానికి జోడీ లేదు. ఆ జంతువుకు మద్యం ఇచ్చాక, ఇవ్వకపోతే ఎలా ఉండేదో చూడడానికి అదే జన్యువులున్న మరో జంతువు దొరకదు. బీఎక్స్‌డీలోనూ, కొలాబరేటివ్ క్రాస్‌లోనూ ఒకే జన్యురూపాన్ని రెండు గిన్నెల ముందూ కూర్చోబెట్టవచ్చు. మద్యం తెచ్చే మార్పే మీ ప్రశ్న కాబట్టి నా ఓటు వీటికే. మరో సలహా: డబ్బు పరిమితంగా ఉంటే ఒక్కో వంశంలో పది జంతువుల కంటే ఎక్కువ వంశాల్లో మూడు నాలుగేసి పెట్టండి. మ్యాపింగ్‌కు, అంటే తేడాకు కారణమైన క్రోమోజోమ్ చోటును వెతకడానికి, బలమిచ్చేది వంశాల సంఖ్య.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు వంశం పేరు చివరి అక్షరం దాకా చూసి రాయండి. బీ6జేలో ఎన్‌ఎన్‌టీ అనే జన్యువు (దీని ప్రోటీన్ మైటోకాండ్రియాలో పనిచేస్తుంది) చెడి ఉంటుంది, దాని సోదర వంశమైన బీ6ఎన్‌లో బాగానే ఉంటుంది. కణంలో ఎన్‌ఏడీపీహెచ్ అనే సహాయక అణువు లెక్క చూసే జన్యువు అది. మద్యం అరిగే క్రమం, కొవ్వు తయారయ్యే క్రమం రెండింటికీ ఆ లెక్కతో సంబంధం ఉంది. సగం జంతువులను ఒకచోట, సగం మరోచోట కొని అన్నింటినీ ‘బీ6’ అని రాసుకుంటే ఇక ఆ ప్రయోగం అక్కడితో చెల్లు.

రెండో అడుగు: అనుమతులు, స్పిరిట్

మన దేశంలోనైతే సంస్థలోని జంతు నైతిక కమిటీకి దరఖాస్తు చేయాలి, ఎన్ని జంతువులు ఎందుకో లెక్కతో చూపాలి. ఎనిమిది వంశాలు, ఆడ మగ రెండూ, మద్యం ఉన్నదీ లేనిదీ, గుంపుకు ఆరు అనుకుంటే 192 అవుతుంది. ఇంత పెద్ద సంఖ్యను కమిటీ ప్రశ్నించకుండా వదలదు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి. రెండోది ఇథనాల్. స్వచ్ఛమైన ఆల్కహాల్ తెప్పించుకోవడానికి ఎక్సైజ్ శాఖ అనుమతి కావాలి, దానికి సమయం పడుతుంది. ఆలస్యమవుతోందని డీనేచర్డ్ స్పిరిట్ వాడకండి. అందులో కలిపిన విషపదార్థాలు కాలేయాన్ని వేరే దారిలో దెబ్బతీస్తాయి.

మూడో అడుగు: ఎలా తాగించాలి

మూడు దారులున్నాయి. రెండు సీసాలు పెట్టి ఇష్టానికి వదిలేయడం మొదటిది. తాగే ఇష్టాన్ని కొలవడానికి ఇది మంచిదే. కొవ్వును కొలవడానికి పనికిరాదు, ఎందుకంటే డీబీఏ తాగనే తాగదు. తాగని జంతువు కాలేయం బాగుందని ‘డీబీఏ జన్యువులు కాపాడాయి’ అంటే నవ్వుతారు. చీకట్లో తాగించే పద్ధతి రెండోది. దీపాలు ఆరిన మూడు గంటలకు నీళ్ల సీసా తీసి 20 శాతం ఇథనాల్ సీసా రెండు నుంచి నాలుగు గంటలు పెడతారు. అతిగా ఒక్కసారే తాగడం మీద పనిచేసేవారికి ఇది నప్పుతుంది.

కొవ్వుల పనికి అందరూ వాడేది మూడోదైన ద్రవాహారం, అంటే లీబర్–డికార్లీ ఆహారం. చార్లెస్ లీబర్, లియోనార్ డికార్లీ 1960లలో దీన్ని రూపొందించారు. జంతువుకు అదే తిండి, అదే నీళ్లు, అదే మద్యం. వేరే గిన్నె లేదు కాబట్టి తప్పించుకునే దారి కూడా లేదు. లెక్క ఒకసారి దగ్గరగా చూద్దాం. మిల్లీలీటరుకు 1 కిలోకేలరీ ఉండే ఈ ఆహారంలో లీటరుకు 50 మిల్లీలీటర్ల ఇథనాల్ కలుపుతారు, అంటే 5 శాతం. అది బరువులో సుమారు 39.5 గ్రాములు. గ్రాముకు 7 కిలోకేలరీల చొప్పున 276, అంటే మొత్తం శక్తిలో పావు వంతుకు కొంచెం పైన. 25 గ్రాముల చిట్టెలుక రోజుకు 10 మిల్లీలీటర్లు తాగితే కిలోకు దాదాపు 16 గ్రాముల ఆల్కహాల్ లోపలికి వెళ్లినట్టు. 60 కిలోల మనిషికి లెక్కగడితే మన దుకాణాల్లో దొరికే 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టర్లు రోజుకు పదిహేను. చిట్టెలుక మనకంటే చాలా వేగంగా ఆల్కహాల్‌ను కరిగిస్తుంది, అందుకే బతికి ఉంటుంది. ‘చిట్టెలుకల్లో తేలింది’ అని పత్రికల్లో చదివినప్పుడు ఈ పదిహేను క్వార్టర్లు గుర్తుచేసుకోండి.

ఎక్కువమంది పాటించే క్రమం 2013లో అచ్చయింది. మద్యం లేని ద్రవాహారం అలవాటు చేయడానికి 5 రోజులు, ఆ తర్వాత 5 శాతం ఇథనాల్ ఆహారం 10 రోజులు. 11వ రోజు ఉదయం గొట్టంతో నేరుగా కడుపులోకి కిలోకు 5 గ్రాముల ఇథనాల్ ఒక్కసారే వేస్తారు, 9 గంటల తర్వాత నమూనాలు తీస్తారు. దీర్ఘకాలపు తాగుడు మీద ఒక్క రాత్రి అతిగా తాగడాన్ని కలిపినట్టు. 31.5 శాతం ద్రావణం తయారుచేసుకుని గ్రాము బరువుకు 20 మైక్రోలీటర్లు వేస్తే సరిపోతుంది. మద్యం ఇవ్వని నియంత్రణ గుంపుకు అంతే శక్తినిచ్చే మాల్టోజ్ డెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం, కిలోకు 9 గ్రాములు.

వంశాలు వేర్వేరైనప్పుడు ఇందులో ఒక చిక్కుంది. ఆల్కహాల్ నీటిలో కలుస్తుంది, కొవ్వులో దాదాపు కలవదు. 40 గ్రాములు దాటే ఎన్‌జడ్‌ఓ ఒంట్లో కొవ్వు ఎక్కువ. 15 గ్రాముల క్యాస్ట్ సన్నగా ఉంటుంది. రెండింటికీ కిలోకు 5 గ్రాములని ఒకే లెక్కన వేస్తే ఎన్‌జడ్‌ఓ ఒంట్లోని నీటి పాలుకు ఎక్కువ ఆల్కహాల్ చేరుతుంది. చేతిలో శరీర కొవ్వును కొలిచే యంత్రం ఉంటే కొవ్వు తీసేసిన బరువును బట్టి మోతాదు నిర్ణయించండి. లేకపోతే ఐదో అడుగులోని రక్త కొలతే దిక్కు.

నాలుగో అడుగు: జంట మేత

ఇథనాల్ కలిసిన ఆహారాన్ని జంతువు తక్కువ తింటుంది. తక్కువ తింటే కొవ్వులు ఎలాగూ మారతాయి. ఆ తేడాను తీసేయడానికి మద్యం గుంపు నిన్న తిన్న మొత్తాన్నే ఈ రోజు నియంత్రణ గుంపుకు పెడతారు. జంటను ఆ వంశంలోనే, ఆడకు ఆడ, మగకు మగ కట్టాలి. బీ6 తిన్న కొలతను డీబీఏకు పెట్టకూడదు. చెప్పడానికి చిన్న విషయమే, ఒక్కో పంజరానికీ రోజూ రాసుకోవాల్సిన పట్టిక మాత్రం పొడుగైనది.

పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోని గొడవ ఒకటి ఇక్కడే ఉంది. మద్యం గుంపు రాత్రంతా కొంచెం కొంచెంగా తాగుతుంది. నియంత్రణ గుంపు, అసలే ఆకలి మీద ఉండడం వల్ల, పెట్టినదాన్ని రెండు మూడు గంటల్లో ఊడ్చేసి మిగిలిన రాత్రంతా పస్తుంటుంది. ఉదయం నమూనా తీసేసరికి ఒక గుంపు కడుపు నిండుగా ఉంటుంది, రెండోది సగం రోజు ఉపవాసంలో ఉంటుంది. ఉపవాసంలో ఒంటి కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. మీరు కొలిచే ట్రైగ్లిజరైడ్ (ఒంట్లో నిల్వ ఉండే మామూలు కొవ్వు) తేడాలో కొంత ఆ ఉపవాసానిదే. నియంత్రణ ఆహారాన్ని రెండు విడతలుగా పెట్టి, నమూనాకు 4 గంటల ముందు అన్ని గుంపులకూ తిండి తీసేస్తే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది.

ఐదో అడుగు: రక్తంలో ఆల్కహాల్

కొవ్వు కంటే ముందు కొలవాల్సింది ఇదే. తోక కొస నుంచి 20 మైక్రోలీటర్ల రక్తం చాలు. ప్రతి జంతువుకూ, ఒకే గంటలో తీయాలి. ఈ కొలత లేని పత్రంలో ‘వంశాల మధ్య తేడా’ అనే మాట నేను నమ్మను.

ఒకసారి మా దగ్గర నియంత్రణ జంతువుల్లోనూ ఆల్కహాల్ కనిపించింది. కిట్ పాడైందా, సీసాలు తారుమారయ్యాయా, ఎవరైనా గిన్నె మార్చేశారా అని రెండు రోజులు తలలు పట్టుకున్నాం. చివరికి తేలిందేమిటంటే, తోకను గుచ్చే ముందు శుభ్రంగా స్పిరిట్ దూదితో తుడిచేవాళ్లం. ఆసుపత్రి అలవాటు అలా వెంటపడింది. గోరువెచ్చని నీళ్లతో తుడవండి, ఆరనివ్వండి.

రక్తంలో ఆల్కహాల్ ఒకేలా ఉన్నా కాలేయం తేడాగా స్పందిస్తే, అప్పుడు అది జన్యువుల కథ. 2012లో అచ్చయిన ఒక పని ఇందుకు మంచి నమూనా. 14 అంతఃప్రజనన వంశాల మగ చిట్టెలుకలకు నాలుగు వారాలు గొట్టం ద్వారా నేరుగా కడుపులోకే ఆల్కహాల్ ఎక్కించారు, ఇష్టాయిష్టాల ప్రసక్తే లేకుండా. మూత్రంలో ఆల్కహాల్ అన్ని వంశాల్లోనూ ఎక్కువగానే ఉంది. అయినా కాలేయ నష్టం వంశానికో రకంగా కనిపించింది. ఆ తేడా మీథయొనీన్, హోమోసిస్టీన్ తిరిగే ‘వన్-కార్బన్’ జీవక్రియతో, అంటే ఒక్క కార్బన్ ఉన్న మీథైల్ గుంపులను చేతులు మార్చే చక్రంతో, ముడిపడి ఉంది.

ఆరో అడుగు: నమూనాలు తీయడం

రోజులో ఒకే సమయం, వంశాలను కలగాపులగం చేసిన వరుస. ఉదయం బీ6 అన్నీ, సాయంత్రం డీబీఏ అన్నీ తీస్తే గడియారం తేడా జన్యు తేడాగా కనిపిస్తుంది. రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఈడీటీఏ గొట్టంలోకి తీసి మంచు మీద ఉంచి, వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరుచేయండి. కాలేయంలో ప్రతిసారీ ఒకే తమ్మెను (లోబ్‌ను) తీసుకోండి.

కోసేటప్పుడే చాలా తెలుస్తుంది. మామూలు కాలేయం ముదురు మెరూన్ రంగులో, అంచులు పదునుగా ఉంటుంది. కొవ్వు పట్టినది పాలు ఎక్కువైన టీ రంగుకు తిరుగుతుంది, అంచులు మొద్దుబారతాయి, కత్తి మీద జిడ్డు మిగులుతుంది. ఈ చూపును ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత అంకెలు దానికి పూర్తిగా ఎదురు వస్తే గొట్టాల లేబుళ్లు మళ్లీ చూసుకోవాల్సిందే.

ఒక ముక్కను ద్రవ నత్రజనిలో వేసి మైనస్ 80 డిగ్రీలకు పంపండి. రెండో ముక్కను ఆయిల్ రెడ్ ఓ రంగు వేయడానికి గడ్డకట్టించి కోయాలి. పారఫిన్‌లో పెడితే అక్కడి ద్రావకాల్లో కొవ్వు కరిగిపోయి ఖాళీ రంధ్రాలే మిగులుతాయి. మూడో ముక్కను ఎవరికీ ఇవ్వకుండా దాచండి.

ఏడో అడుగు: కొవ్వును బయటికి లాగడం

1957 నాటి ఫోల్చ్ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది: రెండు పాళ్లు క్లోరోఫామ్, ఒక పాలు మిథనాల్, కణజాలానికి ఇరవై రెట్లు. 50 మిల్లీగ్రాముల కాలేయానికి 1 మిల్లీలీటరు. మెత్తగా నూరి, ఐదో వంతు నీళ్లు కలిపి తిప్పితే మూడు పొరలు తేలతాయి. పైన మిథనాల్, నీళ్లు. మధ్యలో ప్రోటీన్ తెల్లగా పలుచని అప్పడంలా. కింద క్లోరోఫామ్, మనకు కావాల్సిన కొవ్వు అందులోనే. ఆ అప్పడం చిరగకుండా పిపెట్‌ను కిందికి దించడమే పనితనం. చెయ్యి కుదరకపోతే 2008లో వచ్చిన ఎంటీబీఈ పద్ధతి వాడండి. దాంట్లో కొవ్వు పై పొరలోకి వస్తుంది. అలవాటుకొద్దీ కింది పొర తీసినవాళ్లను చూశాను.

క్లోరోఫామ్‌కు గాజే వాడాలి. ప్లాస్టిక్ నుంచి కారే పదార్థాలు తర్వాత యంత్రంలో లిపిడ్ల (కొవ్వు అణువుల) లాగే కనిపిస్తాయి. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) చేర్చిన అంతర్గత ప్రమాణాలను, అంటే తెలిసిన మోతాదులో కలిపే గుర్తు కొవ్వులను, నూరడానికి ముందే వేయాలి. తర్వాత వేస్తే మధ్యలో పోయిన కొవ్వుకు లెక్క ఉండదు.

ఎనిమిదో అడుగు: ఏవి కొలవాలి, ఎందుకు

అణువులను విడదీసే ద్రవ క్రోమటోగ్రఫీ, వాటిని బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ కలిపితే వందల లిపిడ్లు ఒకేసారి వస్తాయి. నమూనాలన్నింటి నుంచి కొద్దికొద్దిగా తీసి ఒక కలగూరగంప తయారుచేసి, పది నమూనాలకొకసారి దాన్ని నడపండి. ఆ గంపలోనే 30 శాతానికి మించి ఊగే లిపిడ్‌ను నమ్మవద్దు.

ముందు ట్రైగ్లిజరైడ్లు. ఆల్కహాల్ కరిగేటప్పుడు కాలేయంలో ఎన్‌ఏడీహెచ్ అనే సహాయక అణువు పోగుపడుతుంది. దానివల్ల కొవ్వు ఆమ్లాలను కాల్చే పని నెమ్మదిస్తుంది. ఎస్‌ఆర్‌ఈబీపీ-1సీ అనే స్విచ్ కొత్త కొవ్వు తయారీని పెంచుతుంది. అటు ఒంటి కొవ్వు కరిగి ఇటు కొట్టుకొస్తుంది. రాక పెరిగింది, ఖర్చు తగ్గింది, గోదాం నిండింది. ఏ వంశంలో ఏ తలుపు ఎక్కువ తెరుచుకుందన్నదే మీ ప్రశ్న.

ఆ తర్వాత కణపొరల్లోని రెండు కొవ్వులు, ఫాస్ఫాటిడిల్ కోలీన్‌కూ ఫాస్ఫాటిడిల్ ఇథనోలమైన్‌కూ ఉన్న నిష్పత్తి. రెండోదాన్ని మొదటిదిగా మార్చే పీఈఎంటీ అనే ఎంజైమ్‌కు మీథైల్ గుంపులు కావాలి. ఆల్కహాల్ వాటి సరఫరాను దెబ్బతీస్తుంది. కోలీన్ రకం తగ్గితే కాలేయం కొవ్వును వీఎల్‌డీఎల్ అనే మూటలుగా కట్టి బయటికి పంపలేదు. ఐదో అడుగులో చెప్పిన 14 వంశాల ఫలితం ఇక్కడికొచ్చి కలుస్తుంది. అందుకే నేనైతే ట్రైగ్లిజరైడ్ మొత్తం కంటే ఈ నిష్పత్తినే ముందు చూస్తాను.

సెరమైడ్లనే కొవ్వులను కూడా చూడండి, ఆల్కహాల్ వీటిని పెంచుతుంది. ఇక అన్నింటికీ సాక్షి ఫాస్ఫాటిడిల్ ఇథనాల్. ఆల్కహాల్ ఉంటేనే ఫాస్ఫోలైపేజ్ డీ దీన్ని తయారుచేస్తుంది. దీని ముఖ్య రూపం మాస్ స్పెక్ట్రోమీటర్ రుణావేశ విధానంలో 701 బరువు దగ్గర కనిపించి, విరిగితే 281, 255 ముక్కలనిస్తుంది. గత రోజుల్లో జంతువు నిజంగా ఎంత తాగిందో ఇది చెబుతుంది. నియంత్రణ గుంపులో ఇది సున్నాకు దగ్గరగా ఉండాలి. ఒక జాగ్రత్త: ఆల్కహాల్ ఉన్న రక్తాన్ని బల్ల మీద వదిలేస్తే గొట్టంలోనే ఇది తయారవుతుంది.

తొమ్మిదో అడుగు: లెక్కలు

మీరు వెతుకుతున్నది వంశం ప్రభావం కాదు, మద్యం ప్రభావమూ కాదు. రెండూ కలిసినప్పుడు వచ్చేది, అంటే పరస్పర చర్య. మద్యం చుక్క తాకకముందే వంశాల కొవ్వులు వేరుగా ఉంటాయి. ఉదాహరణకు, ఏపీఓఏ2 జన్యువులోని తేడాల వల్లే వంశాల హెచ్‌డీఎల్ (రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే ఒక రకం మూట) మారిపోతుంది. కాబట్టి మద్యం తాగిన బీ6ను మద్యం తాగిన డీబీఏతో నేరుగా పోల్చకండి.

కొలబద్ద కూడా తీర్పును మారుస్తుంది. ఊహకు ఒక లెక్క: ఒక వంశంలో ట్రైగ్లిజరైడ్ 20 నుంచి 60కి, మరోదాంట్లో 50 నుంచి 90కి పెరిగింది. పెరిగింది రెండింట్లోనూ 40. రెట్లలో చూస్తే మొదటిది మూడు, రెండోది రెండుకూడా లేదు. మామూలు అంకెల్లో తేడా లేదు, లాగరిథమ్ తీస్తే పెద్ద తేడా. ఏ కొలబద్ద వాడతారో డేటా చూడకముందే రాసిపెట్టుకోండి.

ఒకే పంజరంలోనివి ఒకే సీసా తాగుతాయి కాబట్టి పంజరాన్ని, యంత్రంలో నడిపిన విడతను గణాంక మోడల్‌లో చేర్చాలి. ఆ మోడల్‌ను రక్తపు ఆల్కహాల్‌ను చేర్చి ఒకసారి, చేర్చకుండా ఒకసారి నడపండి. చేర్చగానే వంశాల తేడా మాయమైతే అది తాగుడు తేడానే. వందల లిపిడ్లను పరీక్షిస్తున్నారు కాబట్టి తప్పుడు ఫలితాల రేటుకు సవరణ తప్పదు. మ్యాపింగ్ చేసేవారికి ఆర్/క్యూటీఎల్2 అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. బీఎక్స్‌డీ జన్యు సమాచారం జీన్‌నెట్‌వర్క్ అనే వెబ్‌సైట్‌లో సిద్ధంగా ఉంది.

పదో అడుగు: మనిషి దగ్గరికి వెళ్లేముందు

మితంగా తాగితే హెచ్‌డీఎల్ పెరుగుతుందని మనుషుల గురించి వినే ఉంటారు. దాన్ని చిట్టెలుకలో వెతకాలనుకుంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి: చిట్టెలుకకు సీఈటీపీ ప్రోటీన్ లేదు. హెచ్‌డీఎల్ నుంచి కొలెస్టరాల్‌ను వేరే మూటల్లోకి మార్చే ప్రోటీన్ అది. అందుకే చిట్టెలుక రక్తంలోని కొలెస్టరాల్ ఎక్కువ భాగం హెచ్‌డీఎల్‌లోనే తిరుగుతుంది. ప్లాస్మా కొలెస్టరాల్ ఫలితాలను మనిషికి తెచ్చేటప్పుడు వెనకాడండి. కాలేయంలోని ట్రైగ్లిజరైడ్లకూ, పైన చెప్పిన నిష్పత్తికీ ఆ బెంగ తక్కువ.

మ్యాపింగ్‌లో ఒక క్రోమోజోమ్ ముక్క దొరికితే అందులో పదుల కొద్దీ జన్యువులు ఉంటాయి. వాటిలో కాలేయంలో పనిచేసేవి ఏవి, మద్యంతో వాటి పని మారుతున్నదా, మనుషుల్లో కాలేయ జబ్బుతో ముడిపడినవాటిలో ఏదైనా ఉందా అని వడపోయండి. మిగిలిన ఒకటి రెండింటిని కాలేయంలో మాత్రమే ఆపేసిన చిట్టెలుకల్లో మళ్లీ మూడో అడుగు నుంచి మొదలుపెట్టాలి. ఆరో అడుగులో దాచిన మూడో ముక్క అప్పుడే బయటికి వస్తుంది. కొత్త జంతువులు పెరిగేలోపు, పాత వంశాల కాలేయాల్లో ఆ జన్యువు ప్రోటీన్ ఎంతుందో దాంట్లోనే చూసేయవచ్చు.